కాకినాడకి పాఠం, రాజమండ్రికి ప్రశ్నలు

మా అటక మీద ఒక గోనెసంచి ఉంది. దాంట్లో ఒక చెక్క పీట, పీట నడుమ జానెడు పొడుగు మేకు, ఆరు తాడు రింగులు, ఓ పదిహేను చెక్క దిమ్మలు. ఇవేమిటి తాతయ్యా అని మనవలు అడుగుతుంటారు. ఇవి పట్టుకుని పాతికేళ్ళు ఊరూరా తిరిగాననీ, చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్ళకి వ్యాపారం నేర్పాననీ అంటే నమ్మరు. ఒక్కోసారి నాకే నమ్మబుద్ధి కాదు.

నేను కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. డెబిట్టూ క్రెడిట్టూ తెలిసినవాడికి వ్యాపారమూ తెలుస్తుందని పైవాళ్ళకో నమ్మకం. స్వయం ఉపాధి శిక్షణ ఎక్కడ పెట్టినా పూటకింత అని ఇచ్చి మాబోటి లెక్చరర్లని పిలిచేవారు. 1994 ఎండాకాలంలో కోస్తాలో ఒక పట్నంలో, ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన కింద రుణం మంజూరైన కుర్రాళ్ళకి తరగతి. కల్యాణమండపం అద్దెకి తీసుకున్నారు. ముందురోజు పెళ్ళి తాలూకు అరిటాకుల వాసన ఇంకా పోలేదు. పీట మధ్యలో పెట్టి, నేల మీద సుద్దముక్కతో ఎనిమిది గీతలు గీశాను. ఏ గీత దగ్గర నిలబడి రింగు విసురుతారో మీ ఇష్టం, దగ్గరైతే తక్కువ మార్కులు, దూరమైతే ఎక్కువ అని చెప్పాను.

ఒక కుర్రాడు లేచి వచ్చాడు. గీతల వంక చూడనే లేదు. నేరుగా మేకు పక్కకి వెళ్ళి, వంగి, రింగుని చేత్తో తొడిగేసి, నా మొహంలోకి చూశాడు.

"ఇది పడకపోతే లోను ఆగిపోద్దాండీ?"

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మా పాఠ్యక్రమం ప్రకారం అలా తొడిగేసినవాడు పిరికివాడు, సాహసం లేనివాడు, వ్యాపారానికి పనికిరాడు. తర్వాత టీ తాగేటప్పుడు తెలిసింది, అయిదు శాతం మార్జిను డబ్బు కట్టడానికి వాళ్ళమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టాడని. అంత పెద్ద రింగు ఇంటి దగ్గరే విసిరేసి వచ్చినవాడికి ఈ తాడు రింగుతో పరీక్షేమిటి? ఆ రాత్రి బస్సులో ఇంటికొస్తూ మొదటిసారి అనుమానం పట్టుకుంది: అసలీ రింగు ఎవరి కోసం చేశారు, ఎవరి చేతికి ఇచ్చాం?

రింగు పుట్టిల్లు వెతికితే అమెరికాలో తేలుతుంది. డేవిడ్ మెక్లెలాండ్ అని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఆచార్యుడు. 1961లో 'ది అచీవింగ్ సొసైటీ' అనే పుస్తకం వేశాడు. దేశాలు ఎందుకు బాగుపడతాయి అంటే గనుల వల్లా కాదు, వానల వల్లా కాదు, ఏదైనా సాధించి తీరాలన్న యావ ఉన్న మనుషులు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి అని ఆయన వాదం. మరి యావని తూచే తక్కెడ ఏది? పలు దేశాల పిల్లల వాచకాల్లో కథలు తీసుకుని, అందులో సాధన గురించిన ఊసు ఎంత ఉందో లెక్కపెట్టి, ఆ తర్వాతి ఏళ్ళలో ఆయా దేశాల్లో కరెంటు ఉత్పత్తి ఎంత పెరిగిందో దాంతో పోల్చి చూశాడు. మన పేదరాశి పెద్దమ్మ కథలకి ఎన్ని మార్కులు వేసి ఉండేవాడో అని నాకెప్పుడూ సరదా. ఒంటరి ముసలమ్మ పూటకూళ్ళు పెట్టుకుని బతకడం కంటే పెద్ద స్వయం ఉపాధి ఏముంటుంది కనక!

ఆయన వెనకాల ఇంకో పెద్దాయన నీడ ఉంది. జర్మనీవాడు మాక్స్ వెబర్. యూరప్‌లో ప్రొటెస్టెంటు మతం వ్యాపార బుద్ధిని పెంచిందనీ, హిందూ మతమూ కులవ్యవస్థా అలాంటి పెట్టుబడిదారీ బుద్ధి పుట్టడానికి అడ్డుపడ్డాయనీ వెబర్ రాశాడు. మెక్లెలాండ్‌కి ఇక్కడ ఒక పంతం. యావ అనేది మతంతోనో ఉగ్గుపాలతోనో మాత్రమే వచ్చేది కాదు, పెద్దవాళ్ళకి కూడా పది రోజుల్లో నేర్పొచ్చు అంటాడు. నేర్పి చూపించడానికి ఊరు కావాలి. ఆ ఊరు కాకినాడ అయింది.

1964 నాటి కాకినాడ అంటే జనాభా లక్ష దాటిన పట్నం. ఓడలు ఒడ్డుకి రావు, దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకుంటాయి. సరుకు కాలవలోంచి బోట్ల మీద వెళ్ళి ఓడెక్కాలి. ఇంజనీరింగు కాలేజీ, మెడికల్ కాలేజీ, పి.ఆర్. కాలేజీ ఉన్నాయి. చదువుకి లోటు లేదు, మెయిన్ రోడ్డు మీద కొట్లకి లోటు లేదు. డెల్టా వడ్లు ఉన్నాయి, మిల్లులున్నాయి. అయినా కొట్టు పెట్టినవాడు కొట్టు దగ్గరే ఆగిపోతున్నాడు, ఫ్యాక్టరీ పెట్టడం లేదు. డబ్బు మిగిలితే పొలం కొంటాడు, లేకపోతే వడ్డీకి తిప్పుతాడు. మా గోదావరి జిల్లాల సంగతి నాకు తెలిసిందే. మిగిలిన డబ్బుతో మిషను కొన్నవాడికంటే రెండెకరాల మాగాణి కొన్నవాడికే పెళ్ళిచూపుల్లో మర్యాద ఎక్కువ.

శిక్షణ ఇచ్చింది హైదరాబాదులో. చిన్న పరిశ్రమల వాళ్ళకి తర్ఫీదు ఇచ్చే కేంద్ర సంస్థ ఒకటి 1960లో ఢిల్లీలో మొదలై, 1962లో యూసఫ్‌గూడకి తరలివచ్చింది. ఆ రోజుల్లో అందరూ సీట్ అనేవారు. కాకినాడ నుంచి 52 మంది వ్యాపారస్థులు, అందరూ మగవాళ్ళే, బృందాలుగా అక్కడికి వెళ్ళారు. సామర్లకోట మీదుగా బెజవాడ, బెజవాడ నుంచి హైదరాబాదు. గల్లాపెట్టె తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగే మనిషి, పది రోజులు కొట్టు తమ్ముడికో బామ్మర్దికో అప్పగించి అంతదూరం పోయాడంటే, ఈ ప్రయోగంలో అసలు సాహసం అదేనని నాకనిపిస్తుంది. తమిళదేశంలో వెల్లూరు నుంచి కూడా కొందరికి ఇలాంటి శిక్షణే ఇచ్చారు.

అక్కడ ఏం చేయించారో నేను బాగానే చెప్పగలను. ఎందుకంటే ఇరవై ఏళ్ళ తర్వాత శిక్షకులకి శిక్షణ అని మమ్మల్ని అదే యూసఫ్‌గూడకి పంపినప్పుడు, అదే తంతు మాచేతా చేయించారు. మొదటిరోజే ఒక బొమ్మ చూపిస్తారు. బల్ల ముందు కూర్చుని ఎటో చూస్తున్న మనిషి. అయిదు నిమిషాల్లో కథ రాయాలి. ఎవరితను, ఇంతకుముందు ఏం జరిగింది, ఇప్పుడేం ఆలోచిస్తున్నాడు, ముందేమవుతుంది? ఒకడు, పాపం ఇల్లు గుర్తొచ్చి దిగులుగా ఉన్నాడని రాస్తాడు. ఇంకొకడు, పైవాడు తిట్టాడని కుములుతున్నాడంటాడు. వేరొకడు, మిల్లు బెల్టు నెలకోసారి ఎందుకు తెగుతోందా అని బుర్ర గోక్కుంటున్నాడని రాస్తాడు. మూడోవాడికి మార్కులు. ఇందులో చమత్కారం ఏమిటంటే, మార్కులు ఎందుకు వేస్తారో ఆ గుట్టు కూడా వాళ్ళకే నేర్పేస్తారు. ఎవరి కథ వాళ్ళే దిద్దుకోవాలి, మళ్ళీ రాయాలి, మళ్ళీ దిద్దుకోవాలి. రాయగా రాయగా ఆలోచన కూడా ఆ గాడిలో పడుతుందని నమ్మకం. చిన్నప్పుడు పలక మీద గుండ్రాలు దిద్దించినట్టే.

తర్వాత రింగులు. సాధన యావ ఉన్నవాడు మరీ దగ్గరా నిలబడడు, మరీ దూరమూ పోడు, కష్టపడితే పడుతుందనిపించే మధ్య దూరం ఎంచుకుంటాడని సిద్ధాంతం. ఆ తర్వాత దిమ్మలు. కళ్ళకి గంతలు కట్టి, ఎడమచేత్తో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పక్కన ఇద్దరు నిలబడి ఇటు జరుపు, అటు జరుపు అంటూ ఉంటారు. ఎన్ని పేరుస్తావో ముందే నువ్వు ఒక అంకె చెప్పాలి. పక్కవాళ్ళు సాయం చేస్తున్నారా, పెత్తనం చేస్తున్నారా అన్నది తర్వాత చర్చ. మాతో వచ్చిన ఒక పెద్దాయన గంతలు విప్పేసి, "మా ఆవిడా మా అత్తగారూ వెనకాల ఉన్నట్టే ఉందండీ" అన్నాడు. ఆ పది రోజుల్లో నాకు బాగా నచ్చిన వ్యాఖ్య అది.

కర్మసిద్ధాంతం మీదా, ఫలం ఆశించకుండా పని చెయ్యమన్న మాట మీదా కూడా చర్చలు నడిచేవి. చివరికి ఒక్కొక్కరూ రాబోయే రెండేళ్ళకి తాము చెయ్యబోయేదేమిటో కాగితం మీద రాసుకోవాలి. కాకినాడ వాళ్ళు రాసుకున్నదాన్ని ఆ తర్వాత విడతలవారీగా వాకబు చేశారు.

ఇప్పుడు మా ఊరి సంగతి. మాది రాజమండ్రి.

మందు పనిచేసిందో లేదో తేలాలంటే మందు వెయ్యని రోగి కూడా ఉండాలి. శిక్షణ లేకుండా, ఉత్తినే లెక్క తీసుకోవడానికి కాకినాడలాంటిదే ఇంకో పట్నం కావాలి. అరవై, డెబ్భై కిలోమీటర్ల దూరంలో మేమున్నాం. శాస్త్రం భాషలో మాది కంట్రోల్ పట్నం. ఈ ముక్క చాలా ఏళ్ళ తర్వాత మా నాన్నగారికి చెబితే, ఆయనకి కంట్రోలు అంటే తెలిసింది చవక బియ్యం, కిరసనాయిలు ఇచ్చే కొట్టే. "మనకి కంట్రోలు సరుకు, కాకినాడకి బజారు సరుకు ఇచ్చారన్నమాట" అన్నారు. ఆలోచిస్తే అంత తప్పు తర్జుమా ఏమీ కాదది.

నాన్నగారికి మెయిన్ రోడ్డు వెనక సందులో ఇనప సామాను కొట్టు. మేకులు, గొళ్ళాలు, బొక్కెనలు, గడపారలు. ఆ రోజుల్లో ఒక కుర్రాడు ఫైలు పట్టుకుని కొట్టుకి వచ్చాడని చెప్పేవారు. రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారు, ఈ రెండేళ్ళలో కొత్తగా ఎంత పెట్టుబడి పెట్టారు, పనివాళ్ళు ఎంతమంది పెరిగారు, లాభం ఎంత? మర్యాదస్థుడే, మంచినీళ్ళు తాగి వెళ్ళాడట. సేల్స్‌టాక్సు తాలూకు మనిషేమోనని నాన్నగారు అన్నిటికీ సగం సగం చెప్పారు. హార్వర్డ్ దాకా పోయిన ఆ లెక్కల్లో మా నాన్నగారి సగం కూడా కలిసి ఉంటే, కాకినాడ గెలుపులో మా వంతు సాయం ఉన్నట్టే.

ఫలితాలు మెక్లెలాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ కలిసి 1969లో 'మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్' అనే పుస్తకంగా వేశారు. కాకినాడ, వెల్లూరు కలిపి చూస్తే, శిక్షణ పొందినవాళ్ళలో దాదాపు సగం మంది తర్వాతి రెండేళ్ళలో మామూలుకంటే గట్టిగా కదిలారు. కొత్త వ్యాపారమో, కొత్త పెట్టుబడో, ఎక్కువ మంది పనివాళ్ళో, ఏదో ఒకటి. శిక్షణ లేనివాళ్ళలో అలా కదిలినవాళ్ళు ఇంచుమించు పాతిక శాతం. బొట్టు పెట్టుకున్నాడా, పూజ చేసి కొట్టు తీస్తాడా, ఏ కులంవాడు అన్నవాటికీ ఈ కదలికకీ పెద్ద సంబంధం కనపడలేదు. వెబర్ మాటకి కాకినాడ బజారు ఇచ్చిన జవాబు అది. పొద్దున్నే గల్లాపెట్టెకి అగరొత్తులు తిప్పి, సాయంత్రానికి కొత్త మిషను బేరం చేసే మనిషిని మేం పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం. పెద్ద ప్రయోగం చేస్తే గానీ తేలలేదు.

ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. శిక్షణ గట్టిగా పట్టింది ఎవరికంటే, కొట్టుకి తానే యజమాని అయినవాడికి. నిర్ణయం తన చేతిలో ఉన్నవాడికి. అన్న కిందో, నాన్న కిందో, ఇంకొకరి కొలువులోనో ఉన్నవాడికి యావ పెరిగినా దాన్ని పెట్టడానికి చోటు లేదు. నా మటుకు నాకు కాకినాడ ప్రయోగం మొత్తంలో అసలు మాట ఇదే. తక్కినదంతా మేళతాళాలు.

మా కామర్స్ పిల్లలకి 'కాకినాడ ప్రయోగం' అయిదు మార్కుల ప్రశ్న. గైడు పుస్తకంలో మూడు ఫలితాలు ఉంటాయి: శిక్షణతో ప్రేరణ వస్తుంది, సంప్రదాయ నమ్మకాలు అడ్డు కావు, ప్రేరణ వల్ల పనితీరు మెరుగవుతుంది. బట్టీ పట్టి రాసేస్తారు. కొన్ని గైడ్లలో మూడు నెలల శిక్షణ అని కూడా ఉంటుంది. జరిగింది పది రోజుల చొప్పునే. ఆ మూడు నెలలు ఎక్కడినుంచి ఊడిపడ్డాయా అని చాలాకాలం వెతికాను. గుజరాత్ నుంచి వచ్చి అతుక్కుని ఉంటుందని నా ఊహ. అక్కడికి వస్తున్నాను. అంతకుముందు మా రాజమండ్రి పరువు గురించి ఒక్క మాట.

శిక్షణ లేని ఊరే కావచ్చు, మా ఊళ్ళో రత్నం పెన్నులున్నాయి. కోసూరి వెంకటరత్నంగారు గాంధీగారి ప్రోత్సాహంతో స్వదేశీ ఫౌంటెన్ పెన్ను చెయ్యాలని పట్టుపట్టి, 1932లో రాజమండ్రిలో ఆ పని మొదలుపెట్టారు. గాంధీగారికి పెన్ను పంపితే ఆయన మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఇంట్లో పెన్నుల పని తర్వాతి తరాలకీ సాగింది. నా పెళ్ళికి మావయ్యగారు పెట్టింది ఆ పెన్నే, ఈ వ్యాసం చిత్తుప్రతి కూడా దాంతోనే రాశాను. రత్నంగారిని బొమ్మ ముందు కూర్చోబెట్టి కథ రాయమని ఎవరూ అడగలేదు. చేతికింద పని ఉంది, ఎదురుగా దేశం తాలూకు ఒక అవసరం ఉంది, రెంటినీ కలిపి చూసే కన్ను ఉంది.

నాన్నగారికి కూడా ఒక బడి ఉంది. పన్నెండో ఏట కొట్టు కుర్రాడిగా చేరారు. మొదటి రెండేళ్ళు చీపురు, నీళ్ళకుండ, బేరగాడికి కుర్చీ. తర్వాత తూకం. ఆ తర్వాత పద్దులు: రోజువారీ చిట్టా, పేరుపేరునా ఆవర్జా. చిట్టా రాయనిచ్చారంటే నమ్మకం కుదిరినట్టు, ఆవర్జా ముట్టనిచ్చారంటే ఇంటిమనిషి అయినట్టు. ఎవరికి అరువు ఇవ్వొచ్చో, ఎవరికి నవ్వుతూ లేదనాలో, ఆషాఢంలో ఏం కొని మాఘంలో ఏం అమ్మాలో ఏ పుస్తకమూ చెప్పదు. పదిహేనేళ్ళ తర్వాత ఆ షావుకారే కొంత సరుకు అరువిచ్చి సందులో వేరే కొట్టు పెట్టించారు. ఊళ్ళో సగం కొట్లు అలా పుట్టినవే. ఈ బడికి గొప్ప లోపం ఒకటుంది: గేటు దగ్గర కులం అడుగుతారు. తెలిసినవాళ్ళ పిల్లలకే చీపురు కూడా దొరికేది. మాదిగపేట కుర్రాడు ఎంత చురుకైనవాడైనా ఆ గల్లాపెట్టె పక్కకి చేరలేడు. అందుకే సర్కారు శిక్షణని ఎంత వెక్కిరించినా చివరికి దాని పక్షానే నిలబడతాను. ఆ కల్యాణమండపంలో కులం పేరు చెప్పి ఎవరినీ వెనక్కి పంపలేదు.

గుజరాత్ వాళ్ళు వ్యాపారస్థులు కాబట్టి, కాకినాడలో దొరికిన సరుకుని చూసి దాని లోటేమిటో పసిగట్టారు. యావ ఒక్కటే చాలదు, అప్పు కావాలి, షెడ్డు కావాలి, కూడా ఉండి చూసుకునేవాడు కావాలి. 1969 ప్రాంతంలో అక్కడి రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక సంస్థలు పని తెలిసిన టెక్నీషియన్లకి తాకట్టు లేకుండా అప్పులిచ్చే పథకం పెట్టాయి. 1970లో దానికి శిక్షణ జోడించాయి. అదీ పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ళకి సాయంత్రాలు, దాదాపు మూడు నెలలు. ముందు మనిషిని ఎంచేవారు, తర్వాత నేర్పేవారు, ఆపైన అప్పూ షెడ్డూ చూపించేవారు. ఎలా ఎంచాలి, ఎలా నేర్పాలి అన్నదాని మీద ఉదయ్ పారీక్, మన టి.వి. రావు కలిసి 1978లో చేతిపుస్తకం వేశారు. పారీక్ అంతకుముందు యూసఫ్‌గూడ సంస్థలో పనిచేసినవాడే. అహ్మదాబాదులో 1983లో ఏకంగా జాతీయ స్థాయి వ్యవస్థాపక శిక్షణ సంస్థ వెలిసింది. విత్తనం కాకినాడలో నాటారు, చెట్టు సబర్మతి ఒడ్డున పెరిగింది. మనవాళ్ళు దీనికి బాధపడరు, ఎందుకంటే మనవాళ్ళకి ఇది అయిదు మార్కుల ప్రశ్న మాత్రమే.

ఆ తర్వాత కథ పథకాల కథ. 1978లో జిల్లా పరిశ్రమల కేంద్రాలు, 1979లో గ్రామీణ యువతకి ట్రైసెమ్, 1983లో చదువుకున్న నిరుద్యోగులకి రుణాలు, 1993 గాంధీ జయంతినాడు ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన, 2008లో అది ఇంకోదాంతో కలిసి కొత్త పేరు. పేర్లు మారినా గోనెసంచి మారలేదు. మారిందల్లా ఎదురుగా కూర్చున్న మనిషి. 1964లో కూర్చున్నది సొంత కొట్టున్న షావుకారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూర్చున్నది డిగ్రీ చేతిలో పట్టుకుని, ఏ ఉద్యోగమూ రాక, ఇదైనా వస్తుందేమోనని వచ్చిన కుర్రాడు. రోజ్‌గార్ యోజనలో సబ్సిడీ 15 శాతం, 7,500 రూపాయలకి మించకుండా. రుణం మంజూరయ్యాక శిక్షణ, శిక్షణ అయ్యాక సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు చూపిస్తే డబ్బు. వాళ్ళ దృష్టిలో నేను సర్టిఫికెట్టుకి అడ్డంగా నిలబడ్డ వారం రోజుల మనిషిని. పైగా అందరికీ ఒకే మూడు ఆలోచనలు: జెరాక్సు, ఎస్టీడీ బూతు, కిరాణా. ఒకే వీధిలో నాలుగు జెరాక్సు మిషన్లకి ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టిన పాపం నాది కూడా. లాభనష్టాలు సరిసమానమయ్యే స్థానం నాలుగు రిపోర్టుల్లోనూ ఒకటే అంకె. మొదటిదాన్ని చూసి తక్కినవి ఎత్తిరాశాం. ఒక బ్యాంకు మేనేజరు నాలుగో ఫైలు చూసి నవ్వి, సంతకం పెట్టేశాడు. ఆ ఏడాది ఆయన టార్గెట్టు ఆయనకుంది.

ఆడపిల్లలు నా తరగతుల్లో ఇద్దరో ముగ్గురో ఉండేవారు, వాళ్ళలోనూ కొందరి వెనకాల అన్న కూర్చునేవాడు. అదే కాలంలో నెల్లూరు సారా ఉద్యమం తర్వాత ఊళ్ళలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి పొదుపు చేసి, తమలో తాము అప్పులిచ్చుకుని, వసూలు చేసుకుని, పుస్తకం రాసుకుని, బ్యాంకుని గుమ్మంలోకి రప్పించుకున్నారు. ఏ పథకం శిక్షకుడూ చెయ్యని పని అది. రింగులు లేవు, దిమ్మలు లేవు.

మన గోనెసంచి మాత్రం దేశాలు తిరిగింది. మెక్లెలాండ్ పద్ధతిని ఆధారం చేసుకుని ఐక్యరాజ్యసమితి 1988లో అర్జెంటీనాలో ఎంప్రెటెక్ అనే శిక్షణ మొదలుపెట్టింది. వ్యాపారికి కావలసిన గుణాలు పది అని పట్టిక వేశారు. అది బ్రెజిల్‌కీ, ఆఫ్రికా దేశాలకీ పాకింది. మనకి దగ్గర్లో, నాకు ఎక్కువ నచ్చిన దారి వేరొకటి ఉంది. 1982లో కర్ణాటకలో ఉజిరె అనే పల్లెలో ధర్మస్థల వీరేంద్ర హెగ్గడేగారు, రెండు బ్యాంకులు కలిసి రుడ్‌సెట్ పెట్టారు. అక్కడే తిండి, అక్కడే పడక. మోటారు రిపేరో, ఇంకో చేతిపనో నేర్పి, దాంతోపాటే వ్యాపారం నేర్పి, ఇంటికి పంపాక కూడా ఉత్తరాలు రాసి, వెళ్ళి చూసి వచ్చేవారు. తర్వాత జిల్లాకొకటి చొప్పున అలాంటి శిక్షణ కేంద్రాలు పెట్టడానికి కేంద్రం ఆ నమూనానే తీసుకుంది. పాత కొట్టు బడి లాంటిదే ఇదీ, గేటు దగ్గర కులం అడగరు, అంతే.

పోయిన వేసవిలో మా తమ్ముడి చేలో మోటారు కాలిపోయింది. అయిదు హార్స్‌పవరు. బాగా చేసేవాడు ఫలానా చోట ఉన్నాడంటే ఆటోలో వేసుకుని వెళ్ళాం. షెడ్డు నిండా మోటార్లు, వార్నిషు వాసన, నలుగురు కుర్రాళ్ళు. గళ్ళచొక్కా వేసుకున్న యజమాని నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆనవాలు పట్టలేదు నేను.

"రింగు చేత్తో తొడిగేశానండీ, గుర్తుందాండీ మాస్టారూ?"

కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. ఇంటరు తప్పాక ఆరేళ్ళు ఇంకొకరి దగ్గర వైండింగు చేశాట్ట, ఆ తర్వాతే లోను పెట్టాడు. అమ్మ పుస్తెలతాడు పదకొండు నెలల్లో విడిపించాడు. నా తరగతిలో ఏమైనా పనికొచ్చిందా అని అడగాలనిపించి, అడిగాను. కాసేపు ఆలోచించాడు. "అరువు పుస్తకం వేరే పెట్టుకోమన్నారండీ. అదొకటి" అన్నాడు. మరి రింగు? నవ్వి ఊరుకున్నాడు.

అప్పటికి ఒక కుర్రాడు మా మోటారులోంచి కాలిన కాయిలంతా పీకి కుప్ప వేశాడు. పదహారేళ్ళుంటాయేమో. దాన్ని తక్కెడలో పెట్టబోతుంటే యజమాని ఆగమని చెయ్యి చూపించాడు.

"ముందు చెప్పరా, ఎంతుంటది?"

కుర్రాడు కుప్పని రెండు చేతులతో ఎత్తి, దించి, పైకి చూసి లెక్కపెట్టుకున్నాడు.

"మూడు కిలోలండీ."

తక్కెడ ముల్లు మూడు దాటి రెండు వందల గ్రాముల దగ్గర ఆగింది. యజమాని ఏమీ అనలేదు. గోడకి వేలాడుతున్న పుస్తకం తీసి, కుర్రాడి పేరు కింద ఒక వరసలో మూడు, పక్క వరసలో మూడుంబావుకి కాస్త తక్కువ అని రాసి, మళ్ళీ మేకుకి తగిలించాడు. అప్పటికే ఆ పేజీ సగం పైగా నిండి ఉంది. తర్వాత మా తమ్ముడి వైపు తిరిగి బిల్లు ఎంతవుతుందో చెప్పాడు. రూపాయి కూడా తగ్గించలేదు.